పాతర మూత ఎత్తొద్దన్న నక్క

కొండకింద అడవిలో జంతువులన్నిటికీ కలిపి నేలలో తవ్విన ఒక పాతర ఉండేది. వానాకాలంలో ఏరిన జొన్నలు, కొర్రలు అందులో పోసి బండతో మూసేవాళ్లు. ఎండాకాలమంతా అదే అందరికీ తిండి. కాపలా పందికొక్కులది. ప్రతి సోమవారం ఎద్దు ఓబన్న మెడకు పగ్గం కట్టుకుని ఆ బండ లాగాలి, అందరూ లోపలికి తొంగిచూడాలి. అది తాతలనాటి కట్టుబాటు.

ఈ కట్టుబాటు పందికొక్కుల గొంతులో ముల్లయింది. వాటి పెద్ద సుంకన్న వెళ్లి నక్క గుర్నాథం కాళ్లమీద పడ్డాడు. ఎవరి పనైనా రాజుగారి చెవిన వేసి సాధించిపెట్టడమే గుర్నాథం బతుకుతెరువు.

సోమవారం పొద్దున్నే సింహరాజు కొలువు తీరాడు. గింజ తినని రాజుకు పాతర గొడవ ఏం పడుతుంది? పైగా ఒంటి కింద కొత్త బూరుగుదూది పరుపు, పందికొక్కులు పంపిన కానుక. మెడకు పగ్గంతో ఓబన్న ఒక పక్కన నిలబడ్డాడు.

"ప్రభూ, బండ ఎత్తినప్పుడల్లా గింజకు తేమ తగులుతోంది," అన్నాడు గుర్నాథం. "నమ్మకంగా కాపలా కాసేవాళ్లను అనుమానించడం ఎంత అవమానం! పాపం, ఆ ఓబన్న మెడ చూడండి, కాయలు కాచిపోయింది. ఈ కట్టుబాటు తీసేస్తే ముసలాయన సుఖపడతాడు."

ఓబన్న నోరు తెరుచుకుని విన్నాడు. తన మెడనొప్పి గురించి తన పెళ్లాం కూడా ఇంత బాగా ఎన్నడూ చెప్పలేదు. అబ్బ, ఏం నాలుకరా నాయనా! ఒక్క క్షణం ఆయనకే బండ ఎత్తడం పాపమనిపించింది.

తరవాత కుందేలు లేచింది. "బండ ఎత్తితే గింజకు తేమ, కాపలాకు అవమానం, ఎద్దుకు నొప్పి," అని కళ్లు తుడుచుకుంది. నెమలి లేచింది. అవే మాటలు. కోతి లేచింది. అవే మాటలు, అదే వరస. ఓబన్నకు ఒళ్లు గగుర్పొడిచింది. ఇన్ని నోళ్లలో ఒకే గొంతు పలకడం పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

ఆఖరున చిలక సీతాలు కూడా అదే అప్పజెప్పింది. రాజు ఆవులించి, "ఇంతమంది చెబుతుంటే కాదంటానా?" అంటూ పంజా ఎత్తాడు.

"సామీ, ఒక్క నిమిషం," అన్నాడు ఓబన్న. "నా మెడ గురించి ఇంత బాగా చెబుతుంటే ఇంకోసారి వినాలని ఉంది. అమ్మా సీతాలూ, మొదట్నించి చెప్పు తల్లీ. ఒక్క ముక్క కూడా వదలొద్దు."

గుర్నాథం గబుక్కున అడ్డొచ్చాడు. "ఎందుకులే సీతాలూ, అలిసిపోతావు," అన్నాడు. కానీ సీతాలును మళ్లీ చెప్పమని అడిగినవాళ్లు ఇంతవరకు లేరు. రొమ్ము విరుచుకుని మొదలుపెట్టింది, అచ్చం నక్క గొంతుతో, దగ్గుతో సహా.

"రండి, కూర్చోండి, తలా ఒక దోసకాయ తినండి. రేపు కొలువులో నేను చెప్పిందే చెప్పాలి. గింజకు తేమ, కాపలాకు అవమానం, ఎద్దుకు నొప్పి. కుందేలూ, నొప్పి అన్నాక కళ్లు తుడుచుకో. సరే, వెళ్లిరండి... అందరూ పోయారా? సుంకన్నా, ఈ వారంలోనే సగం పాతర మీ బొరియల్లోకి లాగేశారా! రేపు బండ లేస్తే మన పని అయిపోయినట్టే."

గుప్పెడంత పిట్ట గొంతులో అడవి మొత్తానికి ఎండాకాలపు తిండి దాగుంది కదా అని ఓబన్న చేతులెత్తి మొక్కినంత పనిచేశాడు. రాజు పరుపు దిగి పాతర వైపు నడిచాడు.

ఓబన్న బండ లాగాడు. లోపల గింజ దిగుడుబావిలా కుంగిపోయి ఉంది. కుందేలు ఈసారి నిజంగానే ఏడ్చింది. ఆ సాయంత్రానికల్లా పందికొక్కులు గింజంతా నెత్తిన మోసుకొచ్చి పోశాయి.

పై సోమవారం నుంచి బండకు రెండు పగ్గాలు. రెండోది గుర్నాథం మెడకు.

"అయ్యో, నా మెడ!" అని మూలిగాడు గుర్నాథం.

"చెప్పు గుర్నాథం, చెప్పు," అన్నాడు ఓబన్న ఆప్యాయంగా. "నువ్వు చెబుతుంటే ఎంతసేపైనా వినొచ్చు. ముందు బండ లాగు."

నీతి: తెరిచి చూడొద్దని ఎవరి తరఫున బతిమాలితే, వాళ్ల కాపలాలో ఉన్న పాతరనే ముందు తెరిచి చూడాలి.