కల్లుపాక దాటితే రేవు

విరూపాక్షయ్య గారిని ప్రశ్న అడగడమంటే కొరివితో తల గోక్కోవడమేనని ఆశ్రమంలో అందరికీ తెలుసు. ఆయన జవాబు చెప్పరు, ఏదో ఒక పని పురమాయిస్తారు. తెలిసి కూడా శిష్యుడు నరహరి ఊరుకోలేకపోయాడు.

"వస్తువే పోయాక దాని పేరు పట్టుకు వేలాడటం అజ్ఞానం కాదా గురువుగారూ?"

"ముంపు కాలనీలో గవరయ్య అని ఒక సరంగు ఉన్నాడు. పది రోజులు వాళ్ళింట్లో ఉండి రా," అన్నారాయన.

ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయిన ఊరివాళ్ళకి మెట్టమీద వేసిన కాలనీ అది. అన్నీ ఒకే అచ్చు ఇళ్ళు. ఏరు కనుచూపు మేరలో లేదు. గవరయ్య ముప్పై ఏళ్ళు పడవ నడిపిన మనిషి. ఊరు ఖాళీ చేయకముందే చూపు పోయింది కాబట్టి ఈ కాలనీని ఆయన ఒక్కనాడూ చూడలేదు. అయినా తెల్లవారగానే బిందె భుజానికెత్తుకుని, "రేవుకెళ్ళొత్తానే సూరమ్మా!" అని భార్యకి చెప్పి, ఒంటరిగా బయలుదేరేవాడు.

మొదటిరోజు నరహరి వెనకే నడిచాడు. "బాబాయ్, కల్లుపాక కాడ గేదె పడుకుంది, పక్కనించి పో!" అని ఎవరో కేకేశారు. నరహరి చూస్తే అక్కడున్నది రేషను కొట్టు. కల్లుపాక మునిగిన ఊళ్ళో రేవుదారిలో ఉండేదట. రేవు అంటున్నది వీధి చివరి కుళాయిని. ఏరు మొహం ఎరగని పిల్లలు కూడా దాన్ని రేవనే అంటున్నారు. పట్టపగలు సత్యానికి ఇంత అన్యాయం జరుగుతుంటే నరహరికి నిద్ర పట్టలేదు.

మర్నాడు ముసలాయన్ని కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. "తాతా, అది కల్లుపాక కాదు, రేషను కొట్టు. రేవూ కాదు, కుళాయి. గడప దిగి మూడో కరెంటు స్తంభం దగ్గర ఎడమకి తిరిగితే వచ్చేస్తుంది."

"అలాగే బాబూ," అన్నాడు గవరయ్య మర్యాదగా. ఇంటికొచ్చిన మనిషి మాట కాదనలేదు.

ఆ మర్నాడు స్తంభాలు తడుముకుంటూ వెళ్ళినవాడు మధ్యాహ్నమైనా తిరిగి రాలేదు. కాలనీ అవతల కంకర గుట్టల మధ్య, మండుటెండలో, ఖాళీ బిందెతో నిలబడి కనిపించాడు. ఇంటికి తీసుకొచ్చాక బిందె మూల పెట్టేసి, "ఇంక నావల్ల కాదే," అన్నాడు. సూరమ్మ నరహరిని పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. వరదలో పడవ తిప్పిన మనిషి ఇప్పుడు చెయ్యి పట్టుకుంటే గానీ గడప దాటడం లేదు. రెండు రోజులు నరహరికి అన్నం సయించలేదు.

మూడోనాడు ఉండబట్టలేక అడిగాడు. "తాతా, ఇక్కడ ఏరు లేదని మీకు తెలుసు కదా?"

"తెల్దా మరి! కళ్ళు పోయినాయి గానీ తెలివి పోలేదు బాబూ. రేవు అంటే చాలు, నా కాళ్ళకి దారి గుర్తొచ్చేది. కుళాయి అంటే అయ్యి కదలవు. నేనేం చెయ్యను?"

నరహరి లేచి మూలనున్న బిందె తెచ్చి ఆయన చేతికిచ్చాడు. దొంగతనానికి వచ్చినవాడిలా అటూ ఇటూ చూసి, నోరు పెగల్చుకున్నాడు. "కల్లుపాక కాడ బురదగా ఉంది తాతా, చూసుకుని నడవండి. రేవు ఖాళీగానే ఉంది."

గవరయ్య బిందె భుజానికెత్తుకుని బయలుదేరాడు, వెనకే నరహరి.

ఆశ్రమానికి తిరిగొచ్చి నరహరి జరిగినదంతా దాచకుండా చెప్పాడు. "ఒక్కటే అర్థం కాలేదండీ. ఆ కుళాయి దగ్గర పాదాలైనా తడవవు. ఆయన మాత్రం అక్కడికి రాగానే పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకున్నాడు."

"వెనక ఉన్నవాడివి నువ్వేం చేశావు?"

నరహరి తల వంచుకున్నాడు. "నేనూ ఎగ్గట్టుకున్నానండీ."

విరూపాక్షయ్య గారు నవ్వారు.

"అయితే లోతెంతో నువ్వే చెప్పాలి నాయనా."