ఇంజన్ గదిలో భోజనం

మరిడయ్య మేస్త్రిని ఎవరు ఏ సందేహం అడిగినా ముందు "భోజనం చేశావా?" అంటాడు. చేశానన్నవాడికి జవాబు రేపు. చెయ్యలేదన్నవాణ్ణి వెంటబెట్టుకుపోయి ఎక్కడో ఒకచోట కంచం ముందు కూర్చోబెడతాడు. సందేహం తీరినా తీరకపోయినా కడుపు మాత్రం నిండుతుంది. కాకినాడ ఉప్పుటేరు ఒడ్డున చేపల బోట్ల ఇంజన్లు బాగుచేసేవాళ్లలో సగం మంది ఆయన దగ్గర పని నేర్చినవాళ్లే. వాళ్లలో బక్కగా ఉన్నవాణ్ణి నేనింకా చూడలేదు.

ఏటా ఉండే చేపల వేట నిషేధం ముగిసి బోట్లు మళ్లీ కదిలిన రోజుల్లో శిష్యుడు దానియేలు ఆయన షెడ్డుకి వచ్చాడు.

"మేస్త్రిగారూ, ఇంజన్ బలం పెంచాలండి. అలాగని నడిసముద్రంలో అది మొరాయించకూడదు. రెండూ ఒక్కసారే కుదురుతాయాండి?"

"భోజనం చేశావా?"

"ఆకలి లేదండి."

ఆకలి లేకపోవడానికి కారణం ఉంది. సరంగు పోలయ్య నడిపే బోటు, దానియేలు సొంతంగా పట్టిన మొదటి పని. నిషేధం రోజుల్లో దాని ఇంజన్ని విప్పి, కడిగి, బిగించి, రంగు వేసి అద్దంలా మెరిపించాడు. తీరా నీళ్లలోకి దిగాక బోటు ఇదివరకటికన్నా వెనకబడింది. వేటకి వెళ్లేలోగా ఇది దారికి రాకపోతే ఇంజన్ని ఇంకో షెడ్డుకి అప్పగిస్తానని పోలయ్య నలుగురిలోనూ అనేశాడు. దానియేలు డీజిల్ పంపు మీది స్క్రూ ఒకసారి తిప్పాడు. ఇంజన్‌కి డీజిల్ ఎక్కువ అందింది, వేగం కాస్త పెరిగింది. రెండోసారి తిప్పితే వేగం అంతంతమాత్రం, పొగ మాత్రం నల్లగా కమ్మేసింది. మూడోసారి తిప్పడానికి చెయ్యి రాలేదు. ఒడ్డు కనపడనంత దూరంలో ఇంజన్ చచ్చి కూర్చుంటే, అందులో వెళ్లినవాళ్ల ఇళ్లకి పోయి తనేం చెప్పాలి?

అంతా విని మేస్త్రి చెప్పులు తొడుక్కున్నాడు. "పద, బోటు ఒకసారి తిప్పుకొద్దాం. భూలోకం వంట తిని చాన్నాళ్లయింది."

భూలోకం ఆ బోటు వంటవాడు. ఈ సంగతంతా నాకు చెప్పింది అతనే. తన వంట గురించి తప్ప మరి దేనిగురించీ గొప్పలు పోడు గనక మిగతాదంతా నమ్మాను. అతను అన్నం పొయ్యి మీదే వండుతాడు గానీ చేపల పులుసు మాత్రం పొయ్యి మీద పెట్టడు. ఇంజన్ గది నుంచి పైకొచ్చే పొగగొట్టం చుట్టూ ఇనపరేకు పరిచి ఉంటుంది. దానిమీద సత్తుగిన్నె పెట్టి వదిలేస్తాడు. ఉప్పుటేరులో పెట్టిన పులుసు, బోటు సముద్రంలోకి వచ్చేసరికి ఆ గొట్టం వేడికే తాపీగా ఉడికి సిద్ధంగా ఉంటుంది.

ఆ రోజు సముద్రంలోకి వచ్చేసరికి పులుసు మాడింది. మేస్త్రి ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"ఎప్పట్నుంచి మాడుతోంది, భూలోకం?"

"ఈయన ఆ స్క్రూ ముట్టుకున్న కాణ్ణించండి. మొదటిసారి తిప్పేక అడుగంటింది. రెండోసారి తిప్పేక ఇదిగో, ఇలా తగలడింది. నా సెయ్యి మాత్రం ఏం మారలేదండి."

దానియేలుకి చిర్రెత్తింది. "పులుసు గొడవ తర్వాత చూద్దాం. ఇంజన్ సంగతి చెప్పండి మేస్త్రిగారూ."

"ఇప్పటిదాకా విన్నది అదే కదరా," అని మేస్త్రి అన్నం గిన్నె చంకన పెట్టుకుని ఇంజన్ గదిలోకి దిగాడు. "కంచం తెచ్చుకో. కింద కూర్చుని తిందాం."

పైన పోలయ్య బోటుని పూర్తి వేగంతో పరిగెత్తిస్తున్నాడు. కింద గురుశిష్యులిద్దరూ ఇంజన్ పక్కన గొంతుక్కూర్చున్నారు. మేస్త్రి తలుపు లాగేసి దానియేలు కంచంలో వడ్డించడం మొదలుపెట్టాడు. రెండు ముద్దలు తినేసరికి దానియేలు చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. మేస్త్రి ఇంకాస్త వడ్డించాడు. వద్దన్నా వినకుండా మళ్లీ వడ్డించాడు.

"తిను. బలం రావాలంటే తినాలి కదా."

ఇంకో ముద్ద ఎత్తబోయి దానియేలు కంచం పక్కన పెట్టి లేచాడు.

"ఎక్కడికిరా?"

"ఊపిరాడ్డం లేదండి."

"మరి దానికో?" అని మేస్త్రి ఇంజన్ వైపు గడ్డం ఎత్తాడు.

దానియేలు ఇంజన్ వైపు చూడలేదు. గోడల వైపు చూశాడు. ఇంజన్ గదికి రెండు పక్కలా గాలి కోసం కోసిన కిటికీలు ఉండేవి. వాటికి కొత్త రేకులు బిగించి, నీలం రంగు కూడా వేసింది తనే. ఉప్పుగాలి తగిలితే అంత ముచ్చటగా మెరిపించిన ఇంజన్ పాడైపోతుందని బెంగ. పాపం, ప్రేమకొద్దీ దాని ముక్కు మూశాడు. అది నీరసపడిందని తిండి కుక్కాడు.

చెప్పించుకోకుండానే స్క్రూడ్రైవర్ తీసి రేకులు రెండూ ఊడదీశాడు. సముద్రపు గాలి గదిలోకి రివ్వున వచ్చింది. మేస్త్రి స్క్రూని మొదట ఎక్కడుండేదో అక్కడికి తిప్పించాడు. డీజిల్ తగ్గింది, పొగ పలచబడింది, బోటు మాత్రం వెనకటి పరుగు అందుకుంది. పైనుంచి పోలయ్య ఏదో కేకేశాడు గానీ ఇంజన్ హోరులో ఎవరికీ వినపడలేదు.

ఇక చాలంటాడేమో అనుకున్నాడు దానియేలు. మేస్త్రి అనలేదు. భూలోకం చేత మిగిలిన ముక్కలతో మళ్లీ పులుసు పెట్టించాడు. స్క్రూ రవ్వంత ముందుకి తిప్పించి, "పైకెళ్లి గిన్నె మూత తీసి చూసిరా," అన్నాడు. కొంతసేపాగి మళ్లీ రవ్వంత, మళ్లీ పైకి. దానియేలు నిచ్చెన ఎక్కి దిగుతూ, పులుసు కదులుతోందండి అనీ, ఉడుకుతోందండి అనీ కబుర్లు మోశాడు. అడుగంటబోతోందండి అన్నప్పుడు మేస్త్రి, ఇంజన్ అంతకుమించి వేడెక్కకూడదంటూ స్క్రూని కాస్త వెనక్కి తిప్పించి, మళ్లీ ఎవరూ తిప్పకుండా సీలు వేయించాడు. అప్పటికి బోటు దానియేలు ఎన్నడూ చూడనంత వేగంగా పోతోంది. ముందు పోతున్న రెండు బోట్లని దాటేసింది కూడా. దానియేలుకి నవ్వాగలేదు. అతను కడుపునిండా అన్నం తిన్నది అప్పుడే.

రేవుకి తిరిగొచ్చాక పోలయ్యకి ఆశ పుట్టింది. "ఇంకొంచెం తిప్పితే ఇంకా వస్తదేమో కదండీ?" అని మేస్త్రిని అడిగాడు.

మేస్త్రి దానియేలు వైపు చూశాడు.

"వస్తదండి," అన్నాడు దానియేలు. "పులుసుండదు."

పోలయ్య ఒకసారి భూలోకాన్నీ, ఒకసారి గిన్నెనీ చూసి తలూపాడు. ఇంజన్ ఇక దానియేలు చేతిలోనే ఉంటుందనీ, రేపు వేటకి వెళ్తున్నామనీ చెప్పేసి వలలు ఎక్కించడానికి వెళ్లిపోయాడు.

దానియేలు మాత్రం ఊడదీసిన నీలం రేకులు రెండూ చంకలో పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు. పారెయ్యడానికి మనసొప్పలేదు.

"మేస్త్రిగారూ, మరి ఉప్పుగాలి తగిలితే ఇంజన్ తుప్పు పడుతుంది కదండీ?"

మేస్త్రి చేతులు తుడుచుకుంటున్న గుడ్డని తీసి అతని భుజం మీద వేశాడు.

"పడుతుందిరా," అన్నాడు. "అందుకేగా నువ్వున్నది."