చల్లగండడి కోట

ఒకానొక రాజ్యాన్ని రణసింహుడనే రాజు ఏలుతుండేవాడు. ఏలడం కన్నా తన వంశం బిరుదులు చదివించుకుని వినడమే ఆయనకు ముచ్చట. భోజనానికి కూర్చున్నా భట్రాజు ఆ చిట్టా అంతా చదివి ముగించాల్సిందే. ఈలోగా పులుసు చల్లారిపోయేది.

ఆయనకు ఆరేళ్ల కూతురు నాగాంబ, ఐదేళ్ల కొడుకు భీముడు. వాళ్లకు వంశచరిత్ర నేర్పమని ఆస్థాన పండితుడు దుర్గాభట్టును నియమించాడు. భట్టుగారు కళ్లు మూసుకుని పద్యాలు అందుకునేవాడు. కళ్లు తెరిచేసరికి పిల్లలు దాది పేరమ్మతో పెరట్లో ఉండేవారు.

పేరమ్మ తీరు వేరు. పూర్వీకుల కోటను పిల్లల చేతే మట్టితో కట్టించేది. ముట్టడిలో సైనికులు తిన్న పేలపిండిని వాళ్ల చేతే తిరగలిలో విసిరించి పెట్టేది. ఆ పిల్లలంటే ఆమెకు పంచప్రాణాలు.

భట్టుగారికి ఒళ్లు మండింది. “ప్రభూ, రాజబిడ్డలు బురద పిసుకుతున్నారు! చరిత్రంటే పద్యం కానీ మట్టా?” అని ఫిర్యాదు చేశాడు.

రాజు దాదిని పిలిపించాడు. “రేపు సభలో పిల్లల్ని నేనే పరీక్షిస్తాను. తప్పారో, నువ్వు మూట సర్దుకుని కోట దాటాలి!”

ఆ పిల్లలు తప్ప పేరమ్మకు నా అన్నవాళ్లు లేరు. పైకి మాత్రం “చిత్తం” అంది.

మర్నాడు నిండు సభలో రాజు అడిగాడు. “మా ముత్తాతగారిని చల్లగండడు అంటారు. ఎందుకని?”

పిల్లలు నోరు విప్పేలోగా భట్టుగారు ఆగలేకపోయాడు. “గండడంటే వీరుడు. చల్ల అంటే చల్లదనం. వెన్నెలంత చల్లని వీరుడని అర్థం ప్రభూ!”

“విన్నావా పేరమ్మా?” అన్నాడు రాజు మురిసిపోతూ.

“విన్నాను ప్రభూ. మా పిల్లలు చెప్పడం కన్నా చేసి చూపిస్తే బాగుంటుంది. పెరట్లోకి దయచేయండి. కోట వాళ్లది, ముట్టడి మీది.”

రాజు మీసం దువ్వాడు. “లోపల గింజ అయిపోయేదాకా కదిలే రకం కాదు నేను!”

“మీ అంతట మీరే లేచి వెళ్తేనో?”

“నువ్వే గెలిచినట్టు!”

పెరట్లో నడుమెత్తు మట్టికోట ఉంది. పిల్లలు దాని వెనక దూరారు. రాజు ఎదురుగా పీఠం మీద కూర్చున్నాడు.

“ముట్టడి వేసి మూడు నెలలైంది ప్రభూ,” అంది పేరమ్మ.

“మూడేళ్లయినా కదలను!”

అంతలో కోటగోడ కింది తూములోంచి తెల్లటి ధార జలజలా వచ్చింది. రాజు గబుక్కున కాళ్లు పైకి లాక్కున్నాడు.

“ఇదేమిటి, చల్ల! మూడు నెలల తర్వాత కూడా మజ్జిగ తూముల్లో పారబోస్తున్నారంటే, లోపల పాడి ఎంతుందో, ధాన్యం ఎంతుందో! వీళ్ల ముందు కాపలా కూర్చోవడం బుద్ధితక్కువ. పదండి పోదాం!” అంటూ లేచి నాలుగడుగులు వేశాడు కూడా.

“శత్రువు పోయాడు! శత్రువు పోయాడు!” భీముడు గెంతులు వేశాడు.

నాగాంబ పకపకా నవ్వింది. “అది చల్ల కాదు నాన్నగారూ, సున్నం నీళ్లు! లోపల ఒక్క గింజ లేదు. మీ ముత్తాతగారు గోడలకు పూసే సున్నం కలిపించి తూములో పోయించారు. శత్రువు కూడా మీలాగే చల్ల అనుకుని దండుతో వెళ్లిపోయాడు. అందుకే చల్లగండడు!”

“ఇది ఏ పద్యంలో ఉంది? ప్రమాణమేది?” అని భట్టుగారు మండిపడ్డాడు.

“ఆ సున్నం కలిపింది మా ముత్తాతే భట్టుగారూ. ఆయనకు పద్యం రాయడం రాదు. మనమున్న ఈ కోట ఉత్తరపు గోడ తూముకు ఇప్పటికీ సున్నం గారకట్టి ఉంది. పిల్లలు వెళ్లి గోటితో గీకి మరీ చూశారు. తమరూ గీకవచ్చు,” అంది పేరమ్మ.

రాజు తెల్లబడ్డ నేలను చూశాడు. ఎవరూ తరమకుండానే తాను లేచొచ్చిన పీఠాన్ని చూశాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వాడు.

“ఔరా! మా ముత్తాతగారి చేతిలో నేనే ఓడిపోయానే! పుట్టినప్పటినుంచీ వింటున్న బిరుదు ఈపూట అర్థమైంది!”

చేతి కంకణం తీసి పేరమ్మకిచ్చాడు. “ఈ పిల్లల దగ్గర్నుంచి నిన్ను కదిలించే మొనగాడు ఈ రాజ్యంలో లేడు. ఇంకేం కావాలో కోరుకో.”

పిల్లలిద్దరూ వచ్చి ఆమెను చుట్టేసుకున్నారు. పేరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“రేపు తమ తాతగారు ఏనుగు మీద ఏరు దాటిన కథ ప్రభూ. ఏరు తవ్వేశాం. ఏనుగే దొరకలేదు.”

భట్టుగారు మెల్లగా వెనక్కి జరిగాడు.

“రేపటిదాకా దేనికి?” అంటూ రాజు నవ్వుతూనే కచ్చ బిగించి బురదలో మోకాళ్ల మీద వంగాడు. భీముడు ఎగిరి వీపెక్కాడు.

ఆపూట సభ మళ్లీ కూడలేదు.