రెండో వైపర్

“వచ్చే చలికాలానికి జాజిపుట్టు ఘాట్ రోడ్డు మీద అంబులెన్సు తిరుగుతుంది. ఇది నా మాట.”

ఎండాకాలంలో మెడనిండా దండలు వేయించుకుని ఆ మాట అన్న అధికారి, చలి మొదలవకముందే బదిలీ మీద వెళ్లిపోయాడు. చలి మాత్రం మాట తప్పలేదు. అంబులెన్సు రాలేదు.

కొండమీద ఉన్న ఒకే ఒక్క బండి ఆశ్రమం జీపే. రోగులను దిగువకు చేర్చడానికే పూర్ణయ్య స్వామి దాన్ని ఉంచారు. ఆ జీపులోనే గెమ్మెలి లింగో భార్య చిలకమ్మ పురిటినొప్పులతో బయల్దేరింది. ఆసుపత్రి గేటు కనబడకముందే ప్రాణం పోయింది. కడుపులో బిడ్డది కూడా.

జీపు నడిపింది స్వామి శిష్యుడు ప్రణీత్. పట్నంలో చదువుకుని, పుస్తకాల మూటతో కొండెక్కిన కుర్రవాడు. నోరు విప్పితే నినాదమే. ఊరివాళ్లు మైకుబాబు అని పిలుస్తారు.

ఆ తెల్లవారుజామున జీపు అద్దం మీద మంచు ఉప్పులా పేరుకుని ఉంది. ప్రణీత్ స్విచ్ నొక్కాడు. వైపర్లు ఒక్కసారి మూలిగి ఆగిపోయాయి. రబ్బరు అద్దానికి అతుక్కుపోయింది. కంగారులో వంటింట్లోంచి మరుగుతున్న నీళ్లు తెచ్చి పోశాడు. అద్దం ఈ చివర్నించి ఆ చివరికి బీటలు వారింది. ఇక ఘాట్ రోడ్డంతా స్వామి లాంతరు పట్టుకుని ముందు నడిచారు. పొగమంచులో ఆ వెలుగొక్కటే దారి. బండి ఆ ముసలాయన నడకను దాటి పోలేకపోయింది.

తర్వాత కొత్త అద్దం వేయించడానికి ప్రణీత్ జీపును టౌనుకు తీసుకెళ్లాడు. మెకానిక్ వైపర్ల మోటారు విప్పి చూసి, “మోటారు బాగానే ఉంది సార్. అతుక్కున్న బ్లేడును లాగలేక ఫ్యూజు కొట్టేసింది, అంతే” అన్నాడు. ఆ మాట ప్రణీత్ కొండమీద ఎవరికీ చెప్పలేదు.

ఒక సాయంత్రం అతను కలెక్టరుకు అర్జీ రాసి, సంతకం కోసం లింగోను ఆశ్రమానికి పిలిపించాడు. లింగో దుప్పటి కప్పుకుని అరుగు మీద కూర్చున్నాడు.

“కాయితం పెడితే ఆళ్లు జవాబు చెప్తారా, మైకుబాబూ?”

“చెప్పి తీరాలి. ఇది చావు కాదు లింగో, వ్యవస్థ చేసిన హత్య.”

“అంత పెద్ద మాటలు నాకెందుకు బాబూ. ఆ రోజు బండి ఎందుకు మొరాయించిందో ఎవరన్నా చెప్తే చాలు. ఇంటికెళ్తే చిలకమ్మోళ్లమ్మ అదే అడుగుతాది.”

“పాత బండి కదా. మోటారు పోయింది” అన్నాడు ప్రణీత్, కాగితంలోకి చూస్తూ.

గదిలో కూర్చున్న స్వామి లేచి, భుజం మీద పాత పంచె ముక్కలు రెండు వేసుకుని బయటికి వచ్చారు.

“గురువుగారూ, అర్జీ ఒకసారి వినండి.”

“చలి దిగుతోంది నాయనా. చదువుతూ రా.”

ప్రణీత్ చదువుతూ వెనకే నడిచాడు. స్వామి జీపుకు ఎడమపక్క నిలబడి వైపరు పైకెత్తారు. దాని కింద అద్దం మీద ఒక గుడ్డముక్క పరిచారు. రెండో ముక్క బానెట్ మీద పెట్టి, చేతులు శాలువాలో ముడుచుకుని నిలబడ్డారు.

“...తుప్పుపట్టిన జీపే గతి అయిన ఈ ప్రజలకు...” ప్రణీత్ ఆగాడు. “గురువుగారూ, రెండోది?”

“అది నీ వైపుంది.”

చలికాలంలో ఆశ్రమానికి అదొక నియమం. పొద్దుగూకగానే వైపర్లు ఎత్తిపెట్టాలి. ఈ ఏడు ఆ పని ప్రణీత్ అడిగి తీసుకున్నాడు. “నాకు వదిలెయ్యండి గురువుగారూ. ఇది నా మాట” అన్నాడు.

చిలకమ్మకు నొప్పులు రావడానికి ముందురోజు సాయంత్రం అతను హాల్లో బోర్లా పడుకుని, ఎర్రరంగుతో గుడ్డ బ్యానరు రాస్తున్నాడు. ఆరోగ్యం మా హక్కు. అక్షరాలు బాగా కుదిరాయి.

చేతిలో కాగితం ఉంటే వైపరు ఎత్తడం కుదరదు. అర్జీని బానెట్ మీద పెట్టి, రెండు చేతులా నెమ్మదిగా ఎత్తాడు. అప్పుడే మంచు పడుతోందేమో, రబ్బరు చిన్న చప్పుడుతో అద్దాన్ని వదిలింది.

లింగో అరుగు దిగి దగ్గరికొచ్చాడు. ఎత్తిన వైపరును వేలితో తాకి చూశాడు.

“ఇలా ఎత్తి పెడితే అతుక్కోదా, బాబూ?”

“అతుక్కోదు.”

“మరి ఆ రాత్రి ఎత్తలేదా?”

ప్రణీత్ బానెట్ మీది రెండో గుడ్డముక్క తీసి, ఎత్తిన వైపరు కింద పరిచాడు. లింగో కాసేపు అతని మొహం వంక చూశాడు. దుప్పటి సర్దుకుని, “సంతకానికి రేపొస్తాలే” అని ఊరివైపు నడిచాడు. మంచులో అతని వీపు తొందరగానే కనబడకుండా పోయింది.

“అర్జీ చింపేస్తాను గురువుగారూ.”

“చింపితే అంబులెన్సు వస్తుందా?”

స్వామి లోపలికి వెళ్లి, లాంతరు వత్తి పెంచి, శిష్యుడి రాతబల్ల మీద పెట్టారు. ఘాట్ రోడ్డు మీద ఆయన చేతిలో ఉన్న లాంతరే అది.

మర్నాడు లింగోకు చదివి వినిపించిన అర్జీలో మొదటి పేరు మాట ఇచ్చి వెళ్లిన అధికారిదే. రోడ్డు పేరు చెప్పి బిల్లులు పెట్టుకున్నవాళ్ల పేర్లూ, ఫైలు తొక్కిపెట్టినవాళ్ల పేర్లూ ఒక్కటీ కొట్టెయ్యలేదు. తుప్పుపట్టిన జీపు అన్న ముక్క మాత్రం లేదు. ఆ పేర్ల చివర్న కొత్తగా ఇలా ఉంది:

“వైపర్లు ఎత్తిపెట్టని ప్రణీత్. వీరంతా గెమ్మెలి లింగోకు జనవరి ముప్పయ్యో తేదీలోగా సమాధానం చెప్పాలి.”