కాఫీ పూత వాడిపోయేలోపు

పిల్లలూ, మీరు పెరుగుతున్న ఊళ్లో కొండలు లేవు, కాఫీ తోటలు అసలే లేవు. అందుకే ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. అనకాపల్లిలో భానోజీరావు అని ఒకాయన ఉండేవాడు. పెళ్లి భోజనంలో పెరుగు వడ్డించకముందే లేచి చెప్పులు వెతుక్కునేంత తొందర మనిషి.

ఆయన అక్క నూకరత్నం బడి పంతులమ్మ. అక్కను ఆ వైపు అప్ప అంటారు. అనంతగిరి కొండల్లో కాఫీ తోట పూసినప్పుడు ఒక్కసారి చూడాలని ఆమె కోరిక. ఆ పూత ఏడాదికోసారి, ఎండాకాలం మొదట్లో వాన పడ్డాక వస్తుంది. రెండు మూడు రోజులు తెల్లగా, మల్లెల్లా గుబాళించి వాడిపోతుంది. సరిగ్గా అప్పుడే బడిలో పరీక్షలు ఉండేవి. ముప్పై ఏళ్లు అలాగే గడిచాయి. ఆ ఏడు ఆమె రిటైరైంది. మోకాళ్లు అరగడంతో నడిచి కొండెక్కడం కుదరదు. మెల్లగా సైకిల్ తొక్కితే ఫరవాలేదని డాక్టరు అన్నాడు. అందుకని తమ్ముడు ఆమెను అనంతగిరి తీసుకెళ్లి, అక్కడ రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు అద్దెకు తీసుకున్నాడు. ఇద్దరూ హెల్మెట్లు పెట్టుకున్నారు. ఆ మాట ముందే చెబుతున్నాను.

సైకిళ్లు ఇచ్చినాయన వాళ్లకు రెండు సంగతులు చెప్పాడు. పూత నిన్న విచ్చుకుంది, రేపటికి ఉండదు. మోటారు ఉన్నది సాయానికే, ఒకటో నంబరులో పెట్టుకుని కాళ్లతో తొక్కితే బ్యాటరీ సాయంత్రం దాకా వస్తుంది. నూకరత్నం ఒకటో నంబరు పెట్టుకుంది. భానోజీ ఐదో నంబరు పెట్టి దూసుకుపోయాడు. దిగుడులో బ్యాటరీ దానంతటదే నిండుతుందని ఎవరో చెప్పగా విన్నాడట.

దారిలో ఆమె సిల్వర్ ఓక్ చెట్టుకు పాకిన మిరియాల తీగ చూసింది, వాగులో కాళ్లు కడుక్కుంది. భానోజీ ముందుకు పోయి, మళ్లీ వెనక్కి వచ్చి, ఇక్కడేముందని విసుక్కునేవాడు. చూడవలసిన పదకొండు చోట్లు ఆయన ఫోనులో రాసి ఉన్నాయి.

పదకొండు గంటలకు ఒక టీ కొట్టు దగ్గర ఆగారు. తోట అక్కడికి మూడు కిలోమీటర్ల పైన ఉంది, దారంతా ఎక్కుడే. ఆయన బ్యాటరీలో ఒక్క గీత మిగిలింది. అప్ప బ్యాటరీలో నాలుగున్నాయి.

"అప్పా, నీ బ్యాటరీ ఇలా ఇయ్యి. జలపాతం చూసి అరగంటలో వచ్చేస్తాను."

"ముందు తోటకి పోదాం రా, భానూ. ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు తిరుగు."

"పూలు ఎక్కడికి పోతాయప్పా? వాటికేమైనా కాళ్లున్నాయా?"

ఆమె నవ్వింది. తమ్ముడి మాట ఎప్పుడూ కాదనలేదు. బ్యాటరీ తీసి ఇచ్చింది. భానోజీ తనది ఆమె సైకిలుకు తగిలించి వెళ్లిపోయాడు.

జలపాతం పక్కనే ఇంకో చోటుందని ఎవరో అన్నారు. అక్కడికి వెళ్లాడు. దాని కింద మరొకటి ఉందన్నారు. దిగుడంతా హాయిగా జారిపోయాడు. గీత ఒక్కటీ పెరగలేదు. తిరిగి ఎక్కేటప్పుడు మోటారు ఆగిపోయింది. పాతిక కిలోల సైకిల్ తోసుకుంటూ టీ కొట్టు చేరేసరికి నాలుగు దాటింది. వాన మొదలైంది.

టీ కొట్టు గంగులమ్మ జరిగింది చెప్పింది. అప్ప ఒంటిగంట దాకా ఎదురు చూసి, ఆ ఒక్క గీతతోనే బయల్దేరిందట. రెండో మలుపులో సైకిల్ ఆగిపోయింది. దాన్ని అక్కడే వదిలి నాలుగడుగులు నడిచి, మోకాలు పట్టేసి, రాళ్ల గోడ పట్టుకుని దిగి వచ్చింది. ఆటో పిలుద్దామంటే సంత రోజు, అన్నీ కిందికే పోయాయి.

నూకరత్నం అరుగు చివర కూర్చుని ఉంది. కొట్టు పక్క కాలువలో పైనుంచి వాన నీళ్లు వస్తున్నాయి. వాటిలో చిన్న చిన్న తెల్ల పూలు కొట్టుకొస్తున్నాయి. ఆమె వంగి దోసిలితో నాలుగు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మట్టి వాసన వస్తోందిరా" అంది.

భానోజీ తల వంచుకున్నాడు. మళ్లీ ఏడాది తప్పకుండా తీసుకొస్తానన్నాడు. ఆమె ఆ పూలు మళ్లీ కాలువలో వదిలి, "జలపాతం ఎలా ఉంది?" అని అడిగింది.

ఆయన ఆలోచించాడు. సైకిల్ దిగకుండా ఫోటో తీసుకుని వచ్చేశాడు. ఎంత ఎత్తు నుంచి పడుతోందో, చప్పుడెలా ఉందో, ఏదీ గుర్తుకు రాలేదు.

"నీళ్లు... పడుతున్నాయి" అన్నాడు.

పిల్లలూ, ఒకచోట నిలవని మనసు ఎన్ని చోట్లు తిరిగినా ఏదీ చూడదు. తనను నమ్మి కూర్చున్నవాళ్లను కూడా చూడనివ్వదు. ఈ కథ మీ తర్వాతివాళ్లకు చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం తొందరపడి ఈ చివరి మాట వదిలేయకండి.