అవ్వ టోపీ, మిరియం తల

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో మిరియం అనే చిన్న ముంగిస ఉండేదిరా పిల్లలూ. మిరియపు గింజల్లాంటి కళ్ళు దానికి. అందుకే ఆ పేరు.

మిరియానికి అమ్మా నాన్నా లేరు. అది పసిదిగా ఉన్నప్పుడే వాగు పొంగి వాళ్ళని తీసుకుపోయింది. ఒడ్డున తడిసి వణుకుతున్న పిల్లని ఒక ముసలి అలుగు చూసింది. అలుగంటే తెలుసుగా? ముక్కు దగ్గర్నుంచి తోక దాకా గట్టి పొలుసులు. భయం వేస్తే బంతిలా చుట్టుకుపోతుంది. ఇక పులి వచ్చినా దాన్ని విప్పలేదు. ఆ అలుగు పేరు అలివేలు. పిల్లని పొట్టకి హత్తుకుని తన బొరియకి తెచ్చుకుంది. చీమలు తప్ప ఏమీ తినని అలివేలవ్వ, ఆ పిల్ల కోసం మిడతలు పట్టడం నేర్చుకుంది. ముసలి కాళ్ళతో మిడతల వెంట గెంతడమంటే మాటలా!

మిరియం పెద్దదైంది. అడవిలో వైద్యం చేసే తేనయ్య అనే ఎలుగుబంటి దగ్గర పనిలో చేరింది. ఆయన కట్టిన మందు పొట్లాలు ఇంటింటికీ చేర్చాలి. కొండ ఎక్కాలి, దిగాలి. అందుకని తేనయ్య దానికి ఒక కరెంటు స్కేట్‌బోర్డు ఇచ్చాడు. నాలుగు చక్రాల పలక, అడుగున బ్యాటరీ, చేతిలో చిన్న రిమోట్. బొత్తాం ముందుకి తోస్తే పరుగు, వెనక్కి లాగితే బ్రేకు.

"ఇది సరదా బండి కాదమ్మాయ్," అన్నాడు తేనయ్య. "గాలిలా పోతుంది. తలకి హెల్మెట్ ఉండాలి. మణికట్లకి, మోచేతులకి, మోకాళ్ళకి కాపు ఉండాలి. అవి లేకుండా ఎక్కావో, పలక తిరిగి తీసేసుకుంటాను. నా పెట్టెలో చాలా ఉన్నాయి. వచ్చి నీకు సరిపోయేవి చూసుకో."

మిరియం ఇంటికెళ్ళి ఆ మాట చెప్పింది. అలివేలవ్వ కళ్ళు మెరిశాయి.

"ఎవరి పెట్టెలోవో మనకెందుకే బంగారం? నా ఒంటి మీద ఉన్నంత గట్టివి ఈ అడవిలో ఇంకెక్కడున్నాయి?"

అవ్వ తన ఒంటి నుంచి రాలిన పొలుసులన్నీ దాచుకుంది. సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని నారతో వాటిని కుట్టింది. ఒక టోపీ చేసింది. చేతులకి తొడుగులు, కాళ్ళకి తొడుగులు చేసింది. చూపు సరిగా ఆనక వేళ్ళు పొడుచుకుంది. అయినా పాట పాడుకుంటూనే కుట్టింది.

మిరియం అవన్నీ తొడుక్కుంది. టోపీ పెద్దదైంది. తొడుగులు బిర్రుగా, కర్రల్లా ఉన్నాయి. మోకాలు వంగలేదు.

"ఎలా ఉన్నాయే?" అని అడిగింది అవ్వ.

మిరియం అవ్వ ముఖం చూసింది. ఆ ముఖం నిండా సంతోషం. వదులుగా ఉందని చెప్పబోయి మానేసింది.

"బ్రహ్మాండంగా ఉన్నాయవ్వా!" అంది.

మర్నాడు తేనయ్య దాన్ని ఎగాదిగా చూశాడు. "తల ఊపు చూద్దాం. హెల్మెట్ కదలకూడదు," అన్నాడు.

మిరియం మెడ బిగబట్టి, ఊపీ ఊపనట్టు ఊపింది. టోపీ కదల్లేదు.

"బాగుందా?"

"బాగుంది మామయ్యా."

తేనయ్య నమ్మాడు. పొట్లాలు చేతికిచ్చాడు.

మొదటిరోజు ఒక గతుకు మీద పలక ఎగిరింది. టోపీ జారి కళ్ళ మీద పడింది. మిరియం వెళ్ళి పొదలో పడింది. ముళ్ళు దులుపుకుని లేచింది. ఇంటికెళ్ళాక అవ్వ అడిగింది, "ఎలా జరిగిందే?" అని. "హాయిగా జరిగింది," అంది మిరియం.

రెండోరోజు మలుపు దగ్గర మోకాళ్ళు వంచాల్సి వచ్చింది. తొడుగులు వంగనివ్వలేదు. మిరియం కర్రబొమ్మలా బురదలోకి ఒరిగిపోయింది. వాగులో ఒళ్ళు కడుక్కుని మరీ ఇంటికెళ్ళింది. "ఇవాళో?" అంది అవ్వ. "ఇవాళా హాయే," అంది మిరియం. ఆ రాత్రి మిడతలు కూడా సరిగా తినలేదు.

మూడోరోజు కొండ దిగుతోంది. దారి ఏటవాలు. చక్రం కింద రాయి తగిలింది. టోపీ మళ్ళీ జారింది. ఒక్కసారిగా లోకమంతా చీకటి. ఆ చీకట్లో కిచకిచమని చిన్న గొంతులు వినిపించాయి. ఒక కౌజుపిట్ట తన పిల్లల్ని వెంటబెట్టుకుని దారి దాటుతోంది!

"ఆగు! నా పిల్లలు!" అని అరిచింది కౌజుపిట్ట.

మిరియం బ్రేకు లాగబోయింది. చేతి తొడుగు బిగుసుకుని వేలు అందలేదు. ఇంకేం ఆలోచించలేదు. పలక మీంచి పక్కకి దూకేసింది. పలక గిర్రున తిరిగి గోతిలో పడింది. కౌజు పిల్లలకి ఈక కూడా రాలలేదు. కానీ మిరియం చెయ్యి ఒంటి కింద నలిగింది. టోపీ ఊడి ఎటో ఎగిరిపోయింది. నుదురు రాయికి కొట్టుకుంది.

కౌజుపిట్ట కేకలు విని తేనయ్య పరుగున వచ్చి తన ఇంటికి మోసుకెళ్ళాడు. నుదుటికి పసరు రాసి, చేతికి బద్దలు పెట్టి కట్టు కట్టాడు. కబురు విని అలివేలవ్వ రొప్పుకుంటూ వచ్చింది.

"నా తల్లీ! ఎలా తగిలిందే? నా పొలుసులు వేసుకునే వెళ్ళావు కదే?"

"నాదే తప్పవ్వా. తొందరపడ్డాను. దారి చూసుకోలేదు," అంది మిరియం.

గుమ్మంలో నిలబడ్డ కౌజుపిట్ట ఉండబట్టలేకపోయింది. "అబద్ధం చెప్పకమ్మా. దారి చూసుకోవడానికి నీ కళ్ళకి సందేదీ? టోపీ ముక్కు దాకా దిగిపోయింది. నేను కళ్ళారా చూశాను," అంది.

అవ్వ కొండదారికి వెళ్ళి ఆ టోపీ వెతికి తెచ్చింది. దెబ్బకి తగలకుండా మెల్లగా మిరియం తలకి పెట్టింది.

"తల ఊపు," అంది.

మిరియం ఈసారి మెడ బిగబట్టలేదు. కొంచెం ఊపింది. టోపీ జారి కళ్ళని కప్పేసింది. దాని కింద నుంచి రెండు కన్నీటి చుక్కలు రాలాయి.

"మొదటిరోజే ఎందుకు చెప్పలేదే?" అని అడిగింది అవ్వ.

"అవి నీ ఒంటి పొలుసులవ్వా. వేళ్ళు పొడుచుకుని కుట్టావు. వద్దంటే... నిన్నే వద్దన్నట్టు ఉంటుందేమో అనిపించింది."

అవ్వ ఆ టోపీ తీసి పక్కన పెట్టింది. మిరియాన్ని దగ్గరికి తీసుకుంది.

"పిచ్చిదానా! నా టోపీ నీ తల మీద ఉండాలని కాదే నా ఆశ. నీ తల నీ మెడ మీద ఉండాలని."

మళ్ళీ తనే అంది. "నేను మాత్రం? కుట్టాను, తొడిగాను, మురిసిపోయాను. ఒక్కసారైనా నీ తల కొలిచి చూశానా? నాకు ఆపద వస్తే ఉన్నచోటే ముడుచుకుంటాను. నా పొలుసులు ఆ పనికి. నువ్వు పరిగెత్తేదానివి, వంగేదానివి. నీకు కావలసినవి వేరు."

చెయ్యి నయమయ్యాక ఇద్దరూ తేనయ్య ఇంటికి వెళ్ళారు. ఆయన పెట్టె తెరిచాడు.

మిరియం చెయ్యి ముందు నెమలీకలు కుట్టిన హెల్మెట్ మీదకి పోయింది. ఎంత అందం! పెట్టుకుని తల ఊపింది. అది గిరగిరా తిరిగింది. "దించు," అంది అవ్వ. ఇంకోటి పెట్టుకుంది. అది కదల్లేదు గానీ, తీసేసరికి నుదుటి మీద ఎర్రటి గీత పడింది. "నొప్పి పెట్టేదాన్ని నాలుగు రోజుల్లో మూలన పారేస్తావు. దించు," అంది అవ్వ. ఇంకోటి సరిగ్గా సరిపోయింది. కానీ తేనయ్య దాన్ని వెలుతురులో తిప్పి చూసి పక్కన పడేశాడు. లోపల సన్నటి పగులు ఉంది. "ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ ఇంకో దెబ్బకి ఆగదు," అన్నాడు.

చివరికి బూడిదరంగుది ఒకటి దొరికింది. అందం లేదు, చందం లేదు. కానీ కనుబొమల మీదుగా నుదుటిని కప్పింది. గడ్డం కింద పట్టీ బిగించాక ఎంత ఊపినా కదల్లేదు. తేనయ్య వెనక నుంచి కూడా లాగి చూశాడు. ఊహూ!

అరచేతి వైపు గట్టి పలక ఉన్న మణికట్టు గార్డులు తీశారు. "ఎవరు పడినా ముందు చేతులే ఆనిస్తారు," అన్నాడు తేనయ్య. అవి వేసుకుని రిమోట్ బొత్తాం నొక్కి చూసింది మిరియం. వేలు అందింది. మోకాలి ప్యాడ్లు పెట్టుకున్నాక అవ్వ ఊరుకోలేదు. "కూర్చో. లే. మళ్ళీ కూర్చో. ఏదీ, గెంతు!" అంటూనే ఉంది.

"అవ్వా, ప్యాడ్లు బాగానే ఉన్నాయి. కాళ్ళే పోతున్నాయి!" అంది మిరియం. తేనయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

మర్నాడు వాన తుంపర పడింది. ఆకులు తడిసిన చోట పలక జర్రున జారింది. మిరియం బోర్లా పడి, అరచేతుల మీద, మోకాళ్ళ మీద బారెడు దూరం జారిపోయింది. లేచి నిలబడింది. చేతులు చూసుకుంది. కాళ్ళు చూసుకుంది. గీత కూడా లేదు.

పొట్లాలన్నీ పంచి ఇంటికి వెళ్ళింది. గుమ్మంలోనే చెప్పేసింది.

"అవ్వా, ఇవాళ పడ్డాను."

అవ్వ గబుక్కున లేచింది. "ఎక్కడ తగిలిందే?"

"ఎక్కడా తగల్లేదు. కానీ ఎడమ మోకాలి పట్టీ ఒరుసుకుంటోంది. మంటగా ఉంది. సరిచేస్తావా?"

అలివేలవ్వ ముఖం వెలిగిపోయింది. అంత సంతోషం ఎప్పుడూ ఎరగదు. మిరియాన్ని ఒళ్ళోకి లాక్కుంది. "ఇలా రా తల్లీ. ఎక్కడ ఒరుసుకుంటోందో చూపించు," అంది.

నీతి: ప్రేమతో ఇచ్చినదైనా మనకి సరిపోతేనే కాపాడుతుంది, సరిపోకపోతే ఆ మాట ప్రేమించేవాళ్ళకి చెప్పడమే అసలైన ప్రేమ.