ఆ మాట ఎవరిది?

పూర్వం ఈజిప్టులో, నైలు నది ఒడ్డునున్న ఒక పట్నంలో, తనకు తెలియనిదంటూ లేదనుకునే హెరోన్ అనే చదువరి ఉండేవాడు. చర్చిలో జనానికి గ్రంథం పైకి చదివి అర్థం చెప్పడం అతని పని. అతనిది కంచు కంఠం. ఆ కంఠం చూసుకునే అంత మిడిసిపాటు.

అతనికి చిన్నప్పుడు వ్యాకరణం నేర్పిన ముసలి గురువు అప్పుడప్పుడు వచ్చి వినేవాడు. ఒకనాడు ఉండబట్టలేక, "నాయనా, బళ్లో మొదటి పాఠమే మరిచావు. ఏ వాక్యమైనా నోట పలికే ముందు అది ఎవరు, ఎవరితో అన్నారో చూసుకోవాలి" అన్నాడు.

హెరోన్ నవ్వాడు. "అవన్నీ కవుల కావ్యాలకు, గురువుగారూ! దేవుని గ్రంథంలో మాట్లాడేది దేవుడు కాక ఇంకెవరు?"

ఆ వేసవిలో నోన్నా అనే వితంతువు ఒక్కగానొక్క కొడుకు నదిలో మునిగి చనిపోయాడు. ఆమె వచ్చి హెరోన్ కాళ్ల దగ్గర కూలబడింది. "నా బిడ్డ ఏం చేశాడయ్యా? దేవుడెందుకు తీసుకుపోయాడు?"

తెలియదనడానికి హెరోన్‌కు నోరు రాలేదు. గ్రంథం తెరిచాడు. సర్వం పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న నీతిమంతుని కథ వచ్చింది. అతని బిడ్డలు పాపం చేశారు కాబట్టే చచ్చారనే వాక్యం కంటబడింది. దాన్నే గంభీరంగా చదివి వినిపించాడు. నోన్నా ఏడుపు టక్కున ఆగిపోయింది. ఆమె నేరుగా ఊరి బయటికి వెళ్లి కొడుకు సమాధి పక్కన కూర్చుంది. పాపిని కన్న కడుపుకు తిండెందుకని పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

మర్నాడు హెరోన్ చదువుతుంటే ఇంకో గొంతు వినబడింది. అతనికంటే ఒక్క క్షణం ముందు, అవే మాటలు. ముసలి గొంతు. ఎంతో తియ్యగా ఉంది. పట్టపగలు, చర్చి నిండా జనం, అయినా ఎవరూ తలెత్తి చూడలేదు. పుట తిప్పబోతే వేళ్లకు బూడిద అంటింది.

జనం వెళ్లిపోయాక అతను నోన్నాకు చదివిన వాక్యం మళ్లీ తీశాడు. ఈసారి పెదవి కూడా కదపలేదు. గొంతే ఆ వాక్యం చదివి, తృప్తిగా నిట్టూర్చింది. హెరోన్ చుట్టూ చూశాడు.

"ఎవరు నువ్వు?"

"ఇప్పటికి అడిగావా!" అంది గొంతు, సరిగ్గా చెవి పక్కన. "బూడిదలో కూర్చున్నవాణ్ణి ఓదార్చడానికి వెళ్లిన స్నేహితుల్లో ఒకణ్ణి. నా మాట చక్కగా చదివావు. ఆ తల్లి నమ్మింది కూడా."

హెరోన్ ఆ కథ చివరిదాకా చదివాడు. అంతదాకా చదివే ఓపిక అతనికి ఎన్నడూ ఉండేది కాదు. ఆ స్నేహితుల మాటలు తప్పని చివర్లో దేవుడే మండిపడ్డాడు.

నోన్నా సమాధి పక్కన నీళ్లు కూడా ముట్టకుండా కూర్చుందని పొద్దున జనం చెప్పుకోవడం గుర్తొచ్చి, నీళ్ల ముంత పట్టుకుని అక్కడికి పరుగెత్తాడు. నోన్నా కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. ప్రాణం మాత్రం ఉంది.

"అమ్మా, ఆ మాట దేవుడిది కాదు. తప్పుగా మాట్లాడిన ఒక మనిషిది. ఎవరన్నారో చూడకుండా నీకు చదివాను."

"మరి నా బిడ్డ ఎందుకు పోయాడయ్యా?"

"నాకు తెలియదమ్మా" అని హెరోన్ ఏడ్చేశాడు.

నోన్నా అతని వైపు తిరిగింది. "ఆ ముక్క నిన్ననే అని ఉంటే సరిపోయేది కదయ్యా" అని ముంత అందుకుంది.

నీతి: పవిత్ర గ్రంథంలోని మాటే అయినా, ఎవరు ఎవరితో అన్నారో తెలుసుకోకుండా దాన్ని ఇంకొకరి నెత్తిన వేయకూడదు.